డబ్ల్యూడీ-10 రివ్యూ: అమెరికా నిర్మాణ వేతన సర్వే ఫారం కాంట్రాక్టరుకు ఎంతవరకు పనికొస్తుంది

అమెరికాలో ప్రభుత్వ పనులు చేసే చిన్న కాంట్రాక్టరును డేవిస్-బేకన్ రేట్ల (ప్రభుత్వ నిర్మాణ పనుల్లో చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస కూలి) గురించి అడిగి చూడండి. ఆ రేట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో, మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) అంత కూలి ఎవరిస్తున్నారో అంటూ అరగంట తిడతాడు. అదే మనిషిని "మీ కౌంటీలో సర్వే జరిగినప్పుడు డబ్ల్యూడీ-10 పంపారా?" అని అడిగితే మాట మారుస్తాడు. కార్మిక శాఖ నుంచి కవరు వచ్చిన మాట నిజమే, అది అకౌంటెంటు బల్ల మీదే ఉండిపోయిన మాటా నిజమే.

ఆ కవరులో వచ్చే ఫారాన్నే ఇక్కడ రివ్యూకి తీసుకున్నాం. దాని పూర్తి పేరు నిర్మాణ కాంట్రాక్టరు వేతన రేట్ల నివేదిక. నడిపేది అమెరికా కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్. నింపడం స్వచ్ఛందం, ఫీజు లేదు, నింపకపోతే జరిమానా లేదు. చాలామంది పక్కన పడేయడానికి కారణం సరిగ్గా ఇదే.

మా తీర్పు ముందే చెబుతాం. ఫారం పరవాలేదు. దాని చుట్టూ ఉన్న ఏర్పాటు మందకొడిది, జవాబుదారీ తక్కువ. అయినా నింపాల్సిందే, ముఖ్యంగా యూనియన్‌తో ఒప్పందం లేని చిన్న కంపెనీలు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

డేవిస్-బేకన్ చట్టం 1931 నాటిది. 1927లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టే పనిని అలబామా కాంట్రాక్టరు ఒకాయన దక్కించుకుని, తక్కువ కూలికి తన మనుషులను వెంట తెచ్చుకున్నాడు. ఆ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ బేకన్ దాని మీద బిల్లు పట్టుకుని తిరిగాడు, సెనేటర్ జేమ్స్ డేవిస్ తోడయ్యాడు. ప్రభుత్వ డబ్బుతో కట్టే చోట, ఆ ఊళ్లో ఆ వృత్తికి నడుస్తున్న కూలి కన్నా తక్కువ ఇవ్వకూడదన్నది సారాంశం. నేడు 2,000 డాలర్లు దాటిన ప్రతి ఫెడరల్ నిర్మాణ కాంట్రాక్టుకూ ఇది వర్తిస్తుంది. ఫెడరల్ సాయంతో జరిగే రోడ్లు, ఇళ్లు, నీటి పనుల్లో చాలావాటికి వేరే చట్టాల ద్వారా వర్తిస్తుంది. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం పెద్ద సోలార్ ప్రాజెక్టుల పన్ను రాయితీని కూడా ఈ రేట్లకే ముడిపెట్టడంతో, ప్రభుత్వ టెండరు ముఖం చూడని ప్రైవేటు ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్టర్లు కూడా ఈ పట్టికలు తిరగేయాల్సి వచ్చింది.

"ఆ ఊళ్లో నడుస్తున్న కూలి" ఎంతో ఎవరు చెప్పాలి? ఆంధ్ర, తెలంగాణల్లో పనులు చేసి అక్కడికి వెళ్లినవాళ్లకు మన ఎస్ఎస్ఆర్ గుర్తొస్తుంది. ఇంజినీర్లు కూర్చుని రేట్ల పుస్తకం తయారుచేస్తారు, మనం దాని మీద అంత శాతం ఎక్కువ, ఇంత శాతం తక్కువ అని టెండరు వేస్తాం. డేవిస్-బేకన్ రేటు అలాంటి అంచనా కాదు. కాంట్రాక్టర్లు, యూనియన్లు, కాంట్రాక్టర్ల సంఘాలు పంపిన ఫారాలను కూడి, లెక్క కట్టి, ఆ ఫలితాన్నే చట్టబద్ధమైన కనీస కూలిగా అచ్చు వేస్తారు. ఫారం రాని కంపెనీ ఆ లెక్కకు సంబంధించినంతవరకు ఆ కౌంటీలో లేనట్టే.

ఒక ఊహా కౌంటీని తీసుకుందాం. ఎలక్ట్రీషియన్ల మీద నలుగురు కాంట్రాక్టర్లు ఫారాలు పంపారు. యూనియన్ కాంట్రాక్టరు దగ్గర పదిమంది, గంటకు 42.50 డాలర్లు. యూనియన్ లేని మూడు కంపెనీల్లో ఒకదానిలో ఆరుగురు 31 డాలర్లకు, ఇంకోదానిలో ఐదుగురు 33కి, మూడోదానిలో నలుగురు 30కి పనిచేస్తున్నారు. మొత్తం 25 మంది. లెక్కపెట్టేది మనుషులను, కంపెనీలను కాదన్న సంగతి ఇక్కడే గమనించాలి.

మొదటి మెట్టు: సగానికి పైగా మందికి ఒకే రేటు అందుతోందా? లేదు, పెద్ద గుంపు పదిమందే, అంటే 40 శాతం. 1983 నుంచి 2023 దాకా ఉన్న పద్ధతిలో ఇక్కడి నుంచి నేరుగా సగటుకు వెళ్లేవారు. 896 డాలర్లను 25తో భాగిస్తే 35.84. 2023 ఆగస్టులో ప్రచురించి అక్టోబరు 23 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త నిబంధన మధ్యలో పాత మెట్టును మళ్లీ చేర్చింది. సగం దాటిన రేటు లేకపోతే, ఎక్కువమందికి అందుతున్న రేటు కనీసం 30 శాతం మందికి ఇస్తున్నదైతే అదే రేటు. అదీ లేనప్పుడే సగటు. కాబట్టి ఇప్పుడు మన ఊహా కౌంటీలో రేటు 42.50. నాలుగు ఫారాలూ అవే, మనుషులూ వాళ్లే. గంటకు 6.66 డాలర్ల తేడా.

2024 జూన్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను ఆపేసిందని కొందరు చెప్పుకుంటుంటారు. ఆ ఉత్తర్వు ఆపింది కాంట్రాక్టులో రాయకపోయినా చట్టం దానంతటదే వర్తిస్తుందనే భాగాన్ని, లారీ డ్రైవర్లు, సామాను సరఫరాదారులకు సంబంధించిన భాగాలను. 30 శాతం మెట్టును అది ముట్టుకోలేదు.

మళ్లీ మన కౌంటీకి వద్దాం. యూనియన్ లేని మూడు కంపెనీల్లో రెండు ఫారం పంపలేదనుకోండి. మిగిలింది 16 మంది, అందులో పదిమంది 42.50 వాళ్లు. 62.5 శాతం, మొదటి మెట్టులోనే తేలిపోయింది. ఇప్పుడు తిప్పి చూడండి. ఆ మూడు కంపెనీలూ ఫారం పంపాయి, ముగ్గురి రేటూ 31 డాలర్లే. 25లో 15 మంది, 60 శాతం. రేటు 31. యూనియన్లకు ఈ ఫారాలు నింపడానికి మనుషులుంటారు, ఒప్పందం కింద అందరికీ ఒకే రేటు ఉంటుంది. విడివిడిగా బేరమాడే కంపెనీల్లో ఒకరికి 30.75, పక్కవాడికి 31.20. చిల్లరతో సహా సరిపోయేవే ఒకే రేటుగా కలుస్తాయి కాబట్టి, వాళ్ల మనుషులు ఎందరున్నా ముక్కలైపోతారు.

2023 నిబంధన దీనికి చిన్న తలుపు తెరిచింది. తేడా ఎందుకొచ్చిందో యూనియన్ ఒప్పందమో, కంపెనీ రాతపూర్వక విధానమో వివరిస్తే, పనిలో సమానమైన ఆ రేట్లను ఒకటిగా లెక్కపెట్టే వీలుంది. రాత్రి షిఫ్టుకు గంటకు డాలరు ఎక్కువ ఇస్తున్న కంపెనీ ఆ మాట ఒక పేజీ పాలసీగా రాసి పెట్టుకుని, ఫారంలోని రిమార్కుల గడిలో ఆ సంగతి చెప్పాలి. నోటిమాటగా నడిచే అలవాటు ఇక్కడ చెల్లదు. మన చిన్న కంపెనీల్లో జీతాల విషయం చాలావరకు నోటిమాటే, అదే చిక్కు.

ఇక ఫారం సంగతి. ఆన్‌లైన్లో నింపవచ్చు, కాగితం మీద నింపి పోస్టులోనూ పంపవచ్చు. ఒక ప్రాజెక్టుకు ఒక ఫారం. పైభాగంలో కంపెనీ వివరాలు, ప్రధాన కాంట్రాక్టరా సబ్‌కాంట్రాక్టరా, ప్రాజెక్టు పేరు, వర్ణన, ఊరు, కౌంటీ, విలువ, మొదలైన తేదీ, ముగిసిన లేదా ముగియబోయే తేదీ, డేవిస్-బేకన్ వర్తించే పనా కాదా. కిందిభాగంలో వృత్తివారీగా మనుషుల సంఖ్య, గంట కూలి, ఫ్రింజ్ బెనిఫిట్లు (కూలి కాక కంపెనీ ఇచ్చే బీమా, సెలవుల లాంటివి), యూనియన్ ఒప్పందం ఉందా లేదా. పేరోల్ చేతిలో ఉంటే ఒక్కో ప్రాజెక్టుకు గంట కూడా పట్టదు. పేరోల్‌లో కార్మికుడి పేరు ఎదురుగా వృత్తి రాసే అలవాటు లేని ఆఫీసులో మాత్రం పూట గడిచిపోతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది "పీక్ వీక్" గడిలో. సర్వే కాలంలో, ఆ ప్రాజెక్టు మీద, ఆ వృత్తివాళ్లు అందరికన్నా ఎక్కువమంది పనిచేసిన వారం అది. ఒక్కో వృత్తికి ఒక్కో వారం ఉండవచ్చు. కాంక్రీటు పోసేవాళ్ల పీక్ మార్చిలో పడితే, పెయింటర్లది ఆగస్టులో పడుతుంది. చాలామంది ప్రాజెక్టు మొత్తానికి ఒకే వారం పట్టుకుని అన్ని వృత్తులనూ అందులోనే రాస్తారు. ఆ వారంలో పెయింటర్లు ఇద్దరే ఉంటే, ఆగస్టులో ఉన్న తొమ్మిదిమందిలో ఏడుగురు లెక్కలో లేకుండా పోతారు. ఇంకొందరు ఏడాది పొడవునా వచ్చిపోయిన అందరినీ కూడేస్తారు. సరిచూసేవాళ్లు వచ్చినప్పుడు ఆ ఫారం నిలబడదు. ఒకే వృత్తిలో ఆ వారం రెండు మూడు రేట్లు నడిస్తే, సగటు చేసి ఒక అంకె వేయకూడదు. 28 డాలర్లకు నలుగురు ఒక వరుస, 30కి ముగ్గురు ఇంకో వరుస.

రాయాల్సింది మామూలు గంట కూలి. ఓవర్‌టైం కలిపిన ఒకటిన్నర రెట్ల అంకె వేస్తే అది పీక్ వీక్ పేరోల్‌తోనే విభేదిస్తుంది. నమోదైన అప్రెంటిస్‌లు ఈ లెక్కలోకి రారు. పనిముట్టు పట్టని సూపర్‌వైజరు కూడా రాడు.

వృత్తి పేరు రెండో గుంట. "ఆపరేటర్" అని రాసి ఊరుకుంటే ఆ వరుస దాదాపు వృథా. బ్యాక్‌హోనా, బుల్డోజరా, క్రేనా, రోలరా అన్నది రాయాలి, ఎందుకంటే పట్టికలో ఒక్కో యంత్రానికి ఒక్కో రేటు ఉంటుంది. "లేబర్" అన్నా అంతే. మామూలు కూలీ, తాపీ మేస్త్రీకి అందించే మనిషి, పైపులు వేసేవాడు, పరిచిన తారును రేక్‌తో సమం చేసేవాడు, జెండా ఊపి ట్రాఫిక్ ఆపేవాడు ఎవరికి వాళ్లే. ఏసీ పనివాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డక్ట్ బిగించేవాళ్లు చాలాచోట్ల షీట్ మెటల్ కింద, పైపు కలిపేవాళ్లు ప్లంబరు లేదా పైప్‌ఫిట్టరు కింద వస్తారు. "హెచ్‌వీఏసీ టెక్నీషియన్" అన్న ఒక్క మాట కింద ఇద్దరినీ కుక్కేస్తే, చదివేవాడికి అది ఎటూ చెందదు. లో-వోల్టేజ్ వైరింగ్ మాత్రమే చేసేవాళ్లను పూర్తి ఎలక్ట్రీషియన్లతో కలపకుండా వేరే వరుసలో రాసి, ఏ పని చేశారో రిమార్కుల్లో ఒక ముక్క చేర్చండి.

ఆ ముక్క రాయకపోతే ఏమవుతుంది? ఆ వృత్తికి చాలినంత సమాచారం లేదని పట్టికలోంచి తప్పిస్తారు. తర్వాత మీకే ప్రభుత్వ పని వచ్చినప్పుడు ఆ వృత్తికి రేటు ఉండదు. అప్పుడు ఎస్ఎఫ్-1444 అనే ఇంకో ఫారం నింపి, కాంట్రాక్టింగ్ ఆఫీసరు ద్వారా కార్మిక శాఖ ఆమోదం కోసం కాచుకోవాలి. సర్వే ఫారంలో ఒక్క వరుస సరిగా రాయడానికి పట్టే పది నిమిషాలను దీనితో పోల్చుకోండి.

యూనియన్ రేటు నెగ్గిన వృత్తిలో ఇంకో మెలిక ఉంది. 1977లో ఫ్రై బ్రదర్స్ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం, రేటు యూనియన్‌దైతే ఆ వృత్తి హద్దులూ యూనియన్ ఒప్పందంలో ఉన్నవే. మీరు కూలీ రేటుకు చేయిస్తున్న పని ఆ ఒప్పందంలో కార్పెంటరు పనైతే, కార్పెంటరు రేటే కట్టాలి. సర్వేలో ఓడిపోవడమంటే అంకె ఒక్కటే పెరగడం కాదు, పనుల విభజన కూడా చేతులు మారుతుంది. తర్వాత వచ్చే బకాయి వేతనాల నోటీసుల్లో ఈ తరహావి తక్కువేం కాదు.

ఫ్రింజ్ బెనిఫిట్ల గడి దగ్గర చిన్న కంపెనీలు తమకు తామే అన్యాయం చేసుకుంటాయి, ఖాళీగా వదిలేసి. ఒక ఉదాహరణ: కార్మికుడి ఆరోగ్య బీమాకు కంపెనీ నెలకు 520 డాలర్లు కడుతోంది. ఏడాదికి 6,240. అతను ఏడాదిలో 2,080 గంటలు పనిచేస్తే గంటకు 3.00 డాలర్లు. ఓవర్‌టైంతో 2,400 గంటలు చేస్తే 2.60 మాత్రమే, ఎందుకంటే భాగించాల్సింది పనిచేసిన మొత్తం గంటలతో. జీతంతో కూడిన సెలవులు 11 రోజులున్నాయనుకుందాం. 88 గంటలను 28 డాలర్ల కూలితో గుణిస్తే 2,464, దాన్ని 2,080తో భాగిస్తే 1.18. పదవీ విరమణ ఖాతాకు కంపెనీ వాటా 3 శాతమైతే గంటకు 84 సెంట్లు. మొత్తం 5.02. ఈ అంకె వేయకుండా 28 అని మాత్రమే రాసిన కంపెనీ తన మనిషికి నిజంగా ఇస్తున్నదానిలో దాదాపు 15 శాతం దాచేసినట్టు.

లెక్కలోకి రానివి కూడా తెలిసి ఉండాలి. సోషల్ సెక్యూరిటీ, నిరుద్యోగ బీమా, పనిలో గాయాల బీమా చట్టం కట్టమన్నవి, అవి ఫ్రింజ్ కావు. బీమాలో కార్మికుడి జీతం నుంచి కోసిన వాటా మీ ఖర్చు కాదు. ఊరు దాటి పనికి వెళ్లినప్పుడు ఇచ్చే భోజనం, బస ఖర్చులు ఇక్కడ రాయకూడదు.

నిర్మాణం రకం నాలుగు: బిల్డింగ్, రెసిడెన్షియల్, హెవీ, హైవే. నాలుగంతస్తుల వరకు అపార్టుమెంట్లు రెసిడెన్షియల్. ఐదో అంతస్తు వేస్తే బిల్డింగ్. మనుషులు పడుకుంటారు కదా అని మోటల్ మరమ్మతును రెసిడెన్షియల్‌లో వేస్తారు కొందరు. హోటళ్లు, మోటళ్లు బిల్డింగ్ కిందే. నీటి పైపులైన్లు, మురుగు కాలువలు, నీటి శుద్ధి కేంద్రాలు హెవీ. విడిగా చేసిన పార్కింగ్ స్థలం పని హైవే. సర్వేలు కూడా రకాన్ని బట్టే జరుగుతాయి. హైవే సర్వే నడుస్తున్నప్పుడు మీ అపార్టుమెంటు ఫారం పంపితే ఉపయోగం లేదు.

ఈ ఏర్పాటులో అందరూ తప్పుగా అర్థం చేసుకున్నది ఒకటుంది. "మేం ప్రభుత్వ పనులు చేయం, మాకెందుకు సర్వే?" అంటారు. బిల్డింగ్, రెసిడెన్షియల్ రేట్లకు ప్రైవేటు పనుల సమాచారమే ముందు తీసుకుంటారు. డేవిస్-బేకన్ వర్తించిన ప్రాజెక్టుల అంకెలను, మిగతాది చాలనప్పుడు మాత్రమే కలుపుతారు. లేకపోతే పాత రేటే కొత్త రేటును పుట్టిస్తూ పోతుంది. హెవీ, హైవేలకు ఈ అడ్డు లేదు, అక్కడ పనులే ఎక్కువగా ప్రభుత్వానివి. అంటే షాపింగ్ కాంప్లెక్సులు, గోదాములు, ప్రైవేటు క్లినిక్కులు కట్టే కంపెనీ ఫారమే బిల్డింగ్ సర్వేకు అసలు సరుకు. టెక్సాస్, న్యూజెర్సీల్లో తెలుగువాళ్లు నడిపే ఎలక్ట్రికల్, రెనొవేషన్ కంపెనీలు ప్రైవేటు పనులతోనే గడిపేస్తుంటే, ఈ ఫారం తమది కాదనుకోవడం సహజమే. కానీ రేపు ఫెడరల్ సాయం ఉన్న స్కూలు పనికి టెండరు వేసిన రోజు, ఎదురొచ్చే రేటు నిర్ణయమైంది వాళ్లు పంపని ఆ ఫారాలతోనే.

గడువు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. ప్రతి సర్వేకు ఒక ముగింపు తేదీ ఉంటుంది, ఆ తర్వాత అందినవి లెక్కలోకి రావు. ప్రస్తుతం ఏ రాష్ట్రంలో, ఏ రకం నిర్మాణం మీద సర్వే నడుస్తోందో వేజ్ అండ్ అవర్ డివిజన్ వెబ్‌సైట్లో జాబితా ఉంటుంది. ఉత్తరం అందలేదని ఆగిపోవాల్సిన పని లేదు, అందనివాళ్లు పంపినా తీసుకుంటారు. సర్వేకు ముందు కాంట్రాక్టర్ల సంఘాలకు, యూనియన్లకు వివరణ సమావేశాలు పెడతారు. వాటికి హాజరైతే పీక్ వీక్, వృత్తి పేర్ల సందేహాలు అక్కడికక్కడే తీరతాయి. ఈ సేవ మొత్తంలో మాకు బాగా నచ్చింది ఆ సమావేశాలే. ప్రధాన కాంట్రాక్టరు తన సబ్‌కాంట్రాక్టర్ల జాబితా ఇవ్వాలి. దాన్ని సగం రాసి పంపితే ఆ సబ్‌కాంట్రాక్టర్లకు ఉత్తరాలే వెళ్లవు, దెబ్బ ముందు వాళ్లకే.

పంపాక ఫోన్ రావచ్చు. వచ్చిన ఫారాల్లో కొన్నింటిని ఎంచుకుని పేరోల్‌తో సరిచూస్తారు, కొన్నిసార్లు బయటి ఆడిటర్లు ఆఫీసుకే వస్తారు. భయపడాల్సింది లేదు, చేయాల్సిన పని ఒకటే. ఒక్కో వృత్తి పీక్ వీక్ పేరోల్ నకలు, బీమా బిల్లు, ఫ్రింజ్ లెక్క వేసిన కాగితం ఫారం నకలుతో కలిపి ఒక ఫైలులో ఉంచాలి. కంపెనీ వివరాలను చట్టం అనుమతించిన మేరకు గోప్యంగా ఉంచుతామన్నది శాఖ హామీ. అబద్ధపు అంకె వేస్తే మాత్రం ప్రభుత్వానికి తప్పుడు వాంగ్మూలం ఇచ్చిన నేరం కిందికి వస్తుంది. రేటు తగ్గించాలని 31ని 27 చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానుకోవాలి.

ఇప్పుడు తిట్టాల్సినవి. కార్మిక శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2004లో సరిచూసిన వేతన నివేదికల్లో దాదాపు అన్నింటిలోనూ కనీసం ఒక తప్పు దొరికింది. దీన్ని కాంట్రాక్టర్ల అజాగ్రత్తగా తీసిపారేయలేం. నింపిన ప్రతివాడూ తప్పు చేస్తున్నాడంటే ఫారం సరిగా అడగడం లేదని అర్థం. 2011లో అమెరికా కాంగ్రెస్‌కు లెక్కలు చెప్పే సంస్థ జీఏఓ, తాను పరిశీలించిన సర్వేల్లో ముఖ్య వృత్తుల తుది రేట్లలో నాలుగో వంతుకు పైగా ఆరుగురు లేదా అంతకన్నా తక్కువ మంది కార్మికుల వేతనాల మీదే నిలబడ్డాయని తేల్చింది. ఆరుగురు! ఒక మామూలు రూఫింగ్ బృందం అంత. చిన్న కౌంటీలో మీ ఒక్క ఫారం రేటును అటో ఇటో తోయగలదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

కౌంటీలో సమాచారం చాలకపోతే చుట్టుపక్కల కౌంటీలను, అప్పటికీ చాలకపోతే ఇంకా పెద్ద గుంపును, చివరికి రాష్ట్రం మొత్తాన్ని కలుపుతారు. నగర కౌంటీలను, పల్లె కౌంటీలను కలపకూడదన్న పాత నిషేధాన్ని 2023 నిబంధన సడలించింది. పల్లె కౌంటీ కాంట్రాక్టర్లు మౌనంగా ఉంటే పక్క నగరపు కూలి వాళ్ల నెత్తిన పడే దారి ఇప్పుడు వెడల్పయింది.

పాతబడిపోవడం ఇంకో జబ్బు. యూనియన్ రేటు నెగ్గిన చోట ఒప్పందం మారినప్పుడల్లా పట్టికలో అంకె మారుతుంది. సర్వేతో వచ్చిన నాన్-యూనియన్ రేటు మాత్రం తర్వాతి సర్వే దాకా గడ్డకట్టుకుని ఉండేది, ఏళ్ల తరబడి. ఇప్పుడు ఎంప్లాయ్‌మెంట్ కాస్ట్ ఇండెక్స్ (కార్మికుల మీద ఖర్చు ఎంత పెరిగిందో కొలిచే ప్రభుత్వ సూచీ) ప్రకారం పెంచే వీలు పెట్టారు, అయితే మూడేళ్లకు ఒకసారికి మించి కాదు. గుడ్డి కన్నా మెల్ల నయం.

అన్నింటికన్నా చికాకు: ఫారం పంపినవాడికి జవాబు రాదు. మీ వరుసల్లో ఏవి తీసుకున్నారు, ఏవి తోసేశారు, ఎందుకు? ఒక్క ముక్క ఉండదు. సర్వే ముగిసి పట్టిక అచ్చయ్యేదాకా పట్టే కాలం కూడా తక్కువేం కాదు, ఈలోగా ఫారం నింపిన ఉద్యోగి కంపెనీ మారిపోయి ఉంటాడు. ఆన్‌లైన్లో పిజ్జా ఆర్డరు చేస్తే పొయ్యిలో ఉందో దారిలో ఉందో చెప్పే దేశంలో ఇది వింతే. రేటు తప్పనిపిస్తే పునఃపరిశీలన కోరుతూ వేజ్ అండ్ అవర్ డివిజన్ అడ్మినిస్ట్రేటర్‌కు రాయవచ్చు, అక్కడ కాదంటే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ బోర్డుకు వెళ్లవచ్చు. సర్వేలో పాల్గొనకుండా ఆ దారి పట్టినవాళ్లకు చేతిలో చూపించడానికి ఆధారం ఉండదు.

మార్కులు వేయమంటే, ఫారానికి 5లో 3. సర్వేకు ముందు ఇచ్చే వివరణకు 4. పీక్ వీక్ గురించి ఫారం మీదే పెద్ద అక్షరాల్లో రెండు ఉదాహరణలు వేసి ఉంటే ఫారానికీ 4 ఇచ్చేవాళ్లం. వేగానికి 1.5. జవాబు చెప్పే అలవాటుకు సున్నా. నింపడానికి పెట్టిన సమయానికి దక్కే ఫలితం కంపెనీని బట్టి మారుతుంది. సంతకం చేసిన యూనియన్ ఒప్పందం ఉన్న పెద్ద కంపెనీ ఫారం ఎవరో ఒకరు ఎలాగూ పంపుతారు. ఐదు నుంచి ఇరవైమంది పనివాళ్లున్న, ప్రైవేటు పనులు ఎక్కువగా చేసే కంపెనీకి మాత్రం 5కి 5.

మీ కౌంటీ రేటు ఎలా పుట్టిందో చూడాలంటే ప్రభుత్వ వెబ్‌సైటు శామ్ డాట్ గవ్‌లో వేజ్ డిటర్మినేషన్ (ఆ రేట్ల పట్టిక) తెరిచి వృత్తి పైన ఉన్న కోడు చదవండి. పీఎల్‌యూఎం లాంటి నాలుగక్షరాలు, తర్వాత లోకల్ నంబరు ఉంటే ఆ వృత్తిలో యూనియన్ రేటు నెగ్గింది, ఈ ఉదాహరణలో ప్లంబర్లది. యూఏవీజీ అని ఉంటే అది యూనియన్ రేట్ల సగటు. ఎస్‌యూతో మొదలైతే సర్వే లెక్కలోంచి వచ్చిన రేటు, దాని వెంటే రాష్ట్రం, సర్వే ఏడాది ఉంటాయి. ఆ ఏడాది పక్కన మీ పాత పేరోల్ పెట్టుకుని చూడండి, అప్పట్లో మీ దగ్గర ఆ వృత్తివాళ్లు ఎందరున్నారో, వాళ్లకు ఎంత ఇచ్చారో.